పోయినవాడి చేతిలో నాకౌట్

నెల్లిమెట్టలో బతికున్నవాడు గెలవడం కష్టం. అక్కడ ఎవరు ఏం సాధించినా, దాన్ని అంతకంటే బాగా సాధించి పోయినవాడు ఒకడు తయారుగా ఉంటాడు. కొత్త డాక్టరు జ్వరం తగ్గిస్తే, పాత డాక్టరు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే తగ్గిపోయేదంటారు. కొత్త కోడలు చేపల పులుసు పెడితే, పోయిన అత్తగారి పులుసు వాసనకి పక్క వీధిలో కూడా కంచాలు కడుక్కునేవారంటారు. అందుచేత గేదెల పైడినాయుడు జిల్లా బాక్సింగు ఫైనల్లో గెలిచిన రోజున ఊరు సంతోషించింది గాని, తొందరపడి సంతోషించలేదు.

పైడి జనపనార మిల్లులో బేళ్లెత్తే పని చేసేవాడు. మాట తక్కువ మనిషి. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు నేలవైపు ఒకసారి చూసి, జవాబు అక్కడ దొరక్కపోతే ఊరుకునేవాడు. మిల్లు ఇవాళో రేపో మూసేస్తారని అందరికీ తెలుసు. అయితే ఊరి పక్కనున్న సహకార చక్కెర కర్మాగారంలో ఒక పాత పద్ధతి ఉంది. జిల్లా బాక్సింగు ఛాంపియన్‌కి గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఇస్తారు. బాక్సింగు సంఘం "ఇతడే ఛాంపియన్" అని ఒక ముక్క రాసిస్తే చాలు. పైడి ఆ ఉద్యోగం కోసమే నాలుగేళ్ళుగా తెల్లారకుండా లేచి పరిగెత్తాడు. అతని భార్య గౌరికి అయిదో నెల. ఫైనల్ గెలిచి ఇంటికొచ్చిన రాత్రి ఆమె అడిగింది ఒక్కటే, గేటు దగ్గర ఎండ తగలకుండా నీడ ఉంటుందా అని.

సన్మానం రోజున చిక్కు వచ్చింది. సంఘం అధ్యక్షులు వత్సవాయి నరసరాజు గారు దండ పట్టుకుని లేచారు. పైడి మెడ వంచాడు. సరిగ్గా అప్పుడు ముందు వరసలో కూచున్న ముసలాయన ఒకాయన, ఎవరినీ ఉద్దేశించకుండా, పిడుగు సన్యాసే ఉంటే ఈ కుర్రాడు రెండో రౌండు చూసేవాడు కాదు అన్నాడు.

దండ గాల్లోనే ఆగిపోయింది.

పిడుగు సన్యాసి సంగతి తెలియనివాడు ఆ ఊళ్ళో లేడు. చూసినవాడు కూడా దాదాపు లేడు. ఎప్పుడో కర్మాగారం కడుతున్న రోజుల్లో ఇంజనీరు దొర ఒకడు సరదాకి కూలీలకు బాక్సింగు నేర్పాడు. అందులో సన్యాసి ఒకడు. నేర్పిన దొరనే పడగొట్టాడని చెబుతారు. ఆయన జ్వరమొచ్చి పోయేనాటికి ఆ గుద్దు ఒక మనిషిని పడగొట్టేది. పోయిన పదేళ్ళకి దున్నపోతును పడగొట్టింది. పైడి గెలిచిన ఏటికి గూడ్సు బండి ఒకటి కొంచెం వెనక్కి జరిగింది.

నరసరాజు గారు దండని బల్ల మీద పెట్టి, ఇది మంచి ప్రశ్న, సంఘం దీన్ని తప్పించుకోరాదు అన్నారు. ఆయన పక్కనే కార్యదర్శి కూర్మనాథం గారున్నారు. తాలూకా ఆఫీసులో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా "పై విషయమై" అని మొదలుపెడతారని ప్రతీతి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని లేచారు.

"ఛాంపియన్ అనగా అందరినీ ఓడించినవాడు. 'అందరూ' అను మాట నుండి మృతులను మినహాయించినట్లు మన నిబంధనావళిలో ఎక్కడా లేదు. అభ్యర్థి శ్రీ సన్యాసి గారిని ఓడించెనా? ఓడించలేదు. కావున విషయము పరిశీలనలో ఉంచవలసి ఉన్నది."

పైడి నేలవైపు చూశాడు. ఈసారి జవాబు దొరికింది.

"ఆయన పోయారు కదండీ."

"అది ఆయన వ్యక్తిగత విషయము" అన్నారు కూర్మనాథం గారు.

ఆ మర్నాటి నుంచి ఊరికి వేరే పని లేకపోయింది. టీ కొట్లో, క్షౌరశాలలో, బస్సు ఆగేచోట, రేషను వరసలో ఒకటే మాట. సన్యాసి కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? పైడి కాళ్ళు వేగమే గాని, సన్యాసి కాళ్ళు కదపాల్సిన అవసరం ఏనాడైనా వచ్చిందా? ఆ రోజుల్లో సజ్జగంటెల బువ్వ తిన్న ఒంటికీ, ఈ రోజుల్లో రేషను బియ్యం తిన్న ఒంటికీ పోలికేమిటి? ఊరు రెండు పార్టీలైంది. పైడి పార్టీలో ఎక్కువమంది మీసాలు రానివాళ్ళు, సన్యాసి పార్టీలో ఎక్కువమంది పళ్ళు లేనివాళ్ళు. మధ్యవాళ్ళు రోజుకొక పార్టీలో టీ తాగేవారు. ఒక పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి కట్నం సంగతి పక్కన పెట్టి, అబ్బాయి ఏ పార్టీ అని అడిగి, జవాబు విని, కాఫీ ఇప్పించకుండానే పంపేశాడు. హైస్కూల్లో పిల్లలకి దాని మీద వ్యాసం పెట్టారు. సన్యాసి ఓడిపోతాడని రాసిన పిల్లలకి, చేతిరాత బాగులేదని మార్కులు తగ్గించారు.

సంఘం ఉపసంఘం వేసింది. వాదనతోనే పోటీ జరిపి తేల్చాలని ఉపసంఘం నిర్ణయించింది. మూడు రౌండ్లు. ఒక్కొక్కరి తరఫున ఒక్కొక్క వక్త. మాట పడగానే జవాబు చెప్పలేకపోతే పది లెక్కపెడతారు. పదిలోపు నోరు లేవకపోతే నాకౌట్. సన్యాసి తరఫున ప్లీడరు జోగారావు గారు వాదిస్తారు. పైడి తరఫున ఎవరూ ముందుకు రాకపోతే హైస్కూలు తెలుగు మాస్టారు విశ్వేశ్వరం గారిని ఒప్పించారు. ఆయన బాక్సింగు ఎన్నడూ చూడలేదు. కాని గొంతు మంచిది.

పోటీ అన్నాక తూకం తప్పదు. పైడిని తెల్లవారుజామున పరగడుపున పిలిచి, బనీను విప్పించి, రెండుసార్లు తూచారు. పావుకిలో ఎక్కువొచ్చిందని ఎండలో పరిగెత్తించారు. సన్యాసి బరువు సంగతి వచ్చేసరికి ఉపసంఘం ఆలోచనలో పడింది. ప్రస్తుతం ఆయన బరువు తీసుకుంటే ఏ తరగతిలోనూ చేరడు. చివరికి పెద్దలందరూ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుని తలా ఒక అంకె చెప్పారు. పైడి బరువుకి సరిగ్గా సరిపోయే అంకె దగ్గర అందరూ కళ్ళు తెరిచారు. సంఘం డాక్టరు పైడి రక్తపోటు చూసి కొంచెం ఎక్కువుందన్నాడు. సన్యాసికి ఏ అనారోగ్యమూ కనబడలేదని రాశాడు.

సన్యాసి బొమ్మ కూడా కావాల్సి వచ్చింది. ఆయన ఫొటో ఎవరి దగ్గరా లేదు. ఆయన కూతురు రావులమ్మ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. అరవై దాటిన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. పెయింటరు వెళ్ళి ఆమె ఎదురుగా కూచుని ముఖం దించుకున్నాడు. తర్వాత మీసాలు పెట్టాడు. ఆమె బొమ్మ చూసి, మా అయ్య ఇలా ఉండేవాడు కాదు గాని, మీసాలుంటే నేను ఇలాగే ఉంటాను అంది.

పోటీ కల్యాణమండపంలో జరిగింది. పెళ్ళిమంటపం తీసేసి తాళ్ళు కట్టారు. ఒక మూల స్టూలు మీద పైడి, చేతులకి గ్లవ్స్, నోట్లో పళ్ళకి కవచం, పక్కన నీళ్ళ బకెట్టు. ఎదురు మూల స్టూలు మీద దండ వేసిన బొమ్మ, దాని అటూ ఇటూ వేలాడదీసిన రెండు గ్లవ్స్, దానికీ ఒక నీళ్ళ బకెట్టు. నడుమ వక్తలిద్దరూ మైకులు పట్టుకుని నిలబడ్డారు. జనం కిటికీలెక్కారు. గౌరి ఆడవాళ్ళ వరసలో కూచుని, మొగుడివైపు కాకుండా ఆ బొమ్మవైపే అనుమానంగా చూస్తోంది.

మొదటి రౌండు పైడిదే. విశ్వేశ్వరం గారు యవ్వనాన్ని వసంతంతో పోల్చారు, నదితో పోల్చారు, ఇంకా దేనితోనో పోల్చబోతుంటే గంట కొట్టారు. జోగారావు గారు తడబడ్డారు. విరామంలో పైడికి మొహం మీద నీళ్ళు జల్లి తువ్వాలుతో విసిరారు. బొమ్మకి కూడా విసిరారు. నీళ్ళు మాత్రం రంగు కారుతుందని జల్లలేదు.

విరామంలోనే విశ్వేశ్వరం గారికి ఎవరో మిరపకాయ బజ్జీలు అందించారు. సన్యాసి పార్టీ చేసిన పనేనని తర్వాత అనుకున్నారు గాని రుజువు లేదు. ఆయన రెండు తిన్నారు. రెండో రౌండు గంట కొట్టగానే జోగారావు గారు నేరుగా పైడివైపు వేలు చూపించి, మెల్లగా, కోర్టులో అడిగినట్టు అడిగారు. "అధ్యక్షా, ఫైనల్లో ఈ కుర్రాడు అలసిపోయి ఎడం చెయ్యి కిందికి దించాడు. ఇక్కడున్నవాళ్ళంతా చూశారు. సన్యాసి గారికి ఆ సందు చాలదా?"

విశ్వేశ్వరం గారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. ఎక్కిళ్ళు వచ్చాయి. మళ్ళీ తెరిచారు, మళ్ళీ ఎక్కిళ్ళే. రిఫరీ లెక్క మొదలుపెట్టాడు. నాలుగు అనేసరికి పైడికి సంగతి అర్థమై స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఆరు దగ్గర రింగు మధ్యకొచ్చి రెండు చేతులూ ఎత్తి చూపించాడు. పది అయిపోయింది. గంట కొట్టారు. ముసలాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు.

పైడి నోట్లో కవచం తీసి, కార్యదర్శి గారి దగ్గరికెళ్ళాడు. "బాబూ, నేను నిలబడే ఉన్నాను కదండీ."

"నిలబడి ఉండుట శారీరక విషయము. ఇచ్చట నిర్ణయింపబడినది అది కాదు" అన్నారు కూర్మనాథం గారు, దయగానే.

అక్కడితో అయిపోతే బాగుండేది. కాని నాకౌట్ అయినవాడు మూడు నెలలపాటు బాక్సింగు ఆడకూడదనీ, తలకి దెబ్బ తగిలిన మనిషి బరువులెత్తకూడదనీ సంఘానికి నియమం ఉంది. డాక్టరు పైడి కనురెప్పలెత్తి చూసి, చీటీ రాసి మిల్లుకి పంపాడు. మిల్లు మేస్త్రీ ఆ చీటీ చూసి, నీకేమైనా అయితే నా పీకల మీదికి వస్తుందని పనిలోంచి నిలిపేశాడు. పైడి ఇంట్లో కూచున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు పలకరించడానికొచ్చారు. దెబ్బ గట్టిగా తగిలిందా, కళ్ళు తిరుగుతున్నాయా, మంచిది, రెండో రౌండుదాకా నిలబడ్డావు, మా తాతల కాలంలో ఒక్క గుద్దుకే పోయినవాళ్ళున్నారు అని ఓదార్చారు. గౌరి పసుపు నూరి దవడకి పట్టు వేయబోయింది. నన్నెవరూ కొట్టలేదే అన్నాడు పైడి.

"మరి నిన్నట్నుంచీ ఎడంపక్క నమలట్లేదేటి?" అంది గౌరి.

పైడి దవడ తడుముకుని చూశాడు. నిజంగానే కొంచెం సలుపుతోంది.

ఈలోపు బాక్సింగు సంఘం పిడుగు సన్యాసిని ఈ సంవత్సరపు జిల్లా ఛాంపియన్‌గా ప్రకటించి, ఉద్యోగం ఇప్పించవలసిందని చక్కెర కర్మాగారానికి రాసింది. కర్మాగారం అధ్యక్షులు కూడా నరసరాజు గారే. తాను రాసిన ఉత్తరం తనకి అందాక, ఆయన దాన్ని వారం రోజులు నిష్పక్షపాతంగా పరిశీలించి, సన్యాసిని గేటు కాపలాదారుగా నియమించారు. సన్యాసి చేరలేదు. గడువు పెంచారు. అప్పటికీ చేరలేదు. చెప్పాపెట్టకుండా రానందుకు సంజాయిషీ అడిగారు. గేటు దగ్గర కాపలా లేక ఎవరి పశువులు వాళ్ళకి తెలియకుండానే లోపలికెళ్ళి చెరుకు మేసి వస్తున్నాయి. చివరికి ఒక గుమాస్తా ధైర్యం చేసి, మహాప్రభో, ఆయన కీర్తిశేషులు అని ఫైలు మీద రాశాడు.

కూర్మనాథం గారిని సలహా అడిగారు. ఆయన నిబంధనలు తిరగేసి చెప్పిన మాట ఊరంతా పాకింది. ఉద్యోగి మరణిస్తే అతని కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇవ్వాలి. ఆ మరణం ఉద్యోగంలో చేరిన తర్వాతే సంభవించి ఉండాలని ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున్నే రావులమ్మ ఎండుచేపల గంపతో సహా పైడి ఇంటికొచ్చింది. గంప అరుగు మీద దించి, గౌరి ఇచ్చిన నీళ్ళు తాగి, చాలాసేపు పైడి మొహం చూసింది.

"మా అయ్య బతికున్నన్నాళ్ళూ ఓ కొలువు సేసినోడు కాడు. సచ్చినాక ఒచ్చింది" అంది. "నాకు వయసైపోయిందంట, ఇవ్వరంట. నాకు పిల్లల్లేరు. నువ్వు నాకు కొడుకువైపో."

పైడి నేలవైపు చూశాడు. రావులమ్మ ఓపిగ్గా కూచుంది. ఊళ్ళో అదేం కొత్త కాదనీ, పిల్లల్లేనివాళ్ళు కులపెద్దల ముందు ఒకడి భుజం మీద కొత్త పంచె వేసి మనవాడని చెప్పుకుంటే చాలనీ, తన తండ్రికి ఇన్నేళ్ళుగా పిండం పెట్టే మగదిక్కు లేదనీ, ఆ ఒక్క పనీ చేస్తే ఉద్యోగం అతనిదేననీ చెప్పింది.

అంటే తనని ఓడించినాయనకి తాను మనవడు కావాలి. తాను గెలిచిన ఉద్యోగంలో, ఆయన పోయినందుకు జాలిపడి ఇచ్చినట్టుగా చేరాలి. పైడికి అది మింగుడుపడలేదు. ఒప్పుకుంటే తాను నిజంగానే ఓడిపోయినట్టే గదా అన్నాడు గౌరితో, లోపలికెళ్ళి, గొంతు తగ్గించి.

గౌరి కడుపు మీద చెయ్యేసుకుని గోడకి చేరబడింది. "పుట్టబోయేది పాలకేడుస్తాది గాని, నువ్వు గెలిచావా ఓడావా అని ఏడవదు."

పైడి బయటికొచ్చి రావులమ్మ గంపని భుజానికెత్తుకున్నాడు. అదే ఒప్పుకోలు.

కులపెద్దలు పంచె వేశారు. అంతా అయిందనుకునేసరికి కూర్మనాథం గారి నుంచి కొత్త అభ్యంతరం వచ్చింది. దత్తత సరే. కాని దీనివల్ల ప్రత్యక్షంగా ప్రభావితుడయ్యే వ్యక్తి, అనగా మృతుడు, తన నిరభ్యంతరాన్ని తెలియజేయలేదు. తన చేతిలో ఓడినవాడిని మనవడిగా స్వీకరించడం ఆయనకి సమ్మతమో కాదో తెలుసుకోకుండా సంఘం ముందుకు పోరాదు. దానికి మార్గం శాస్త్రంలోనే ఉంది. ఏటి ఒడ్డున పిండం పెట్టాలి. కాకి ముట్టిందా, నిరభ్యంతరం. మధ్యాహ్నంలోపు ముట్టకపోయిందా, నియామకం రద్దు.

ఆ రోజు ఏటి ఒడ్డున తిరునాళ్ళలా ఉంది. రెండు పార్టీలూ గొడుగులతో వచ్చాయి. నరసరాజు గారికి కుర్చీ వేశారు. కూర్మనాథం గారు గడియారం చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పైడి తడిబట్టలతో ఇసకలో కూచుని, పురోహితుడు చెప్పినట్టల్లా చేసి, అరిటాకులో మూడు పిండాలు పెట్టి వెనక్కి జరిగాడు.

కాకి ఒకటి వచ్చింది. కొంచెం దూరంలో తుమ్మకొమ్మ మీద కూచుంది. పిండాలవైపు చూసింది. పైడివైపు చూసింది. కదల్లేదు.

ఎండ పెరిగింది. పురోహితుడు పెద్దాయనకి తీరని కోరిక ఏదైనా ఉందా అని రావులమ్మని అడిగాడు. చుట్ట కాబోలంటే చుట్ట పెట్టారు. కల్లు కాబోలంటే, నరసరాజు గారు మొహం అటు తిప్పుకోగా, ముంత పెట్టారు. కాకి ఒకసారి ముక్కు కొమ్మకేసి రాసుకుని ఊరుకుంది.

కూర్మనాథం గారికి విషయం బోధపడింది. అభ్యర్థి తన ఓటమిని మృతునికి స్వయంగా విన్నవించుకోలేదు, అదీ లోపం అన్నారు. ఆయన ఒక్కొక్క ముక్కా చెప్పగా పైడి గట్టిగా అన్నాడు. "తాతగారూ, ఆ రోజు మండపంలో న్యాయంగా మీరే గెలిచారు. నేను ఓడిపోయాను. మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను."

కాకి వెనక్కి తిరిగి కూచుంది.

ఇంకొంచెం వినయంగా చెప్పమన్నారు. చెప్పాడు. కాకి తోక మాత్రమే కనబడుతోంది. కూర్మనాథం గారు గడియారం చూసి తల పంకించారు. గౌరి గట్టు మీద కూచుని చీరకొంగు వేళ్ళకి చుట్టుకుంటోంది. పైడి ఆమెవైపు చూడలేక ఇసకవైపు చూశాడు. అప్పుడు రావులమ్మ అతని పక్కన గొంతుక్కూచుని, ఆకు సర్దుతున్నట్టు నటిస్తూ, పెదాలు కదలకుండా అంది.

"మా అయ్యకి నానా బుద్దులూ ఉన్నాయి గాని, ఆడకుండా గెలిసింది ఎప్పుడూ పుచ్చుకోలేదురా."

పైడి ఆమెవంక చూశాడు. ఆమె లేచి దూరంగా పోయింది. అతను ఆకు దగ్గరికి జరిగి, మోకాళ్ళ మీద కూచుని, పిండాల మీదికి వంగాడు. ఒడ్డునున్నవాళ్ళకి అతని వీపు మాత్రమే కనబడింది.

"తాతా" అన్నాడు, తనకే వినపడేంత మెల్లగా. "ఆ రోజు నువ్వు రానేలేదు. నన్ను కొట్టనూలేదు. నేను గెలిచిన ఫైనలు నాదే. నువ్వెంత మొనగాడివో ఈ ముసలాళ్ళకేం తెలుసు, నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. దమ్ముంటే రా."

రెక్కల చప్పుడైంది. పైడి తల పక్కనుంచి దూసుకొచ్చి, కాకి ఆకు మధ్యలో వాలి, మొదటి పిండాన్ని ఒక్క పోటుతో రెండు ముక్కలు చేసింది.

ఒడ్డు మీద కేకలు లేచాయి. రెండు పార్టీలూ తమదే గెలుపన్నాయి. కూర్మనాథం గారు గడియారం జేబులో పెట్టుకుని, అభ్యర్థి మూడవ పర్యాయము మిక్కిలి వినయముతో తన ఓటమిని అంగీకరించినందున మృతుడు సంతృప్తుడై నిరభ్యంతరము తెలిపెను, రేపే విధుల్లో చేరవచ్చును అని అక్కడికక్కడే ప్రకటించారు. గౌరి కొంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది.

నరసరాజు గారు కుర్చీలోంచి దిగివచ్చి పైడి భుజం తట్టారు. అంతా బాగానే ఉంది గాని, ఆ చివర చెప్పిన మాటేదో కొంచెం గట్టిగా చెప్పకపోయావా, మేమూ వినేవాళ్ళం కదా అన్నారు.

పైడి కాకివైపు చూశాడు. అది రెండో పిండం మీదికి వెళ్ళింది.

"వినాల్సినాయనకి వినపడిందండీ" అన్నాడు.